ఒడి కట్టుకొని తొక్కిన సైకిళ్లు

ఈ సంగతి జరిగినప్పుడే రాసి ఉంటే ఇంకా బాగా రాసేదాన్ని. అప్పటికి నాకు నాలుగు అక్షరాలు తప్ప ఏమీ రాదు, అవీ కన్నడంలో. కర్ణాటక అంచున మా పావగడ తాలూకాలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. నేను ఏ బడికీ పోలేదు. చిన్నప్పుడు గొర్రెల వెంట తిరిగాను, పెళ్లయ్యాక వేరుశనగ చేలలో వంగాను. నలభై దాటాక సాయంత్రం తరగతిలో కన్నడ అక్షరాలు నేర్పారు. కానీ నాకు గుర్తున్నవన్నీ తెలుగులోనే గుర్తున్నాయి, వాటిని ఆ అక్షరాల్లో పెట్టడం నా చేత కాలేదు. తర్వాత చాలా ఏళ్లకు కళ్యాణదుర్గం వైపు నుంచి కోడలు వచ్చింది. ఆమె తన పిల్లలకు తెలుగు నేర్పుతుంటే పక్కన కూర్చొని నేనూ పట్టుకున్నాను.

సైకిలు మాత్రం కన్నడ అక్షరాలతో పాటే వచ్చింది. సాయంత్రం తరగతి చెప్పే టీచరమ్మ తుమకూరు వైపు పిల్ల, ఇంకా పెళ్లి కాలేదు. "పలక పట్టుకున్న చేతికి హ్యాండిలు పట్టుకోవడం కష్టమా?" అని మా మంగళవాడలో ఆడవాళ్లందరికీ సైకిలు నేర్పింది. అన్నీ బాడుగకు తెచ్చిన మగవాళ్ల సైకిళ్లే. చీర కచ్చ పోసుకొని ముందు కడ్డీ దాటడమే అందులో పెద్ద విద్య.

అప్పటికి వరసగా వానలు లేవు. నాగలమడిక దగ్గర ఏటి పక్కన నాలుగైదు ఇళ్లవాళ్లు, మాలాగే ఒకప్పటి గొర్రెల వాళ్లు, విత్తనానికి దాచుకున్న వేరుశనగ కాయలు కూడా తినేశారు. ఈసారి వాన పడినా విత్తడానికి గింజ లేదు. విత్తకపోతే ఇళ్లకు తాళాలు వేసి బెంగుళూరుకు మేస్త్రీల దగ్గర కట్టుబడి పనికి పోవాలి. ఆ ఇళ్లలో ఒకామె నాకు వరసకు వదిన. సంగతి ఆమె నోట విన్నాక టీచరమ్మ సైకిలు జాతా అనుకుంది. ఊరూరా తిరిగి విత్తనం కాయలు అడగాలి, అడిగినవి నాగలమడికలో దించాలి.

ఐదుగురం బయలుదేరాం: టీచరమ్మ, నేను, మా ఊరి అక్కాచెల్లెళ్లు ఇద్దరు, వదిన. "నాకోసం మీరు అడుక్కొస్తాంటే నేనింట్లో కూసోనుండల్లనా?" అని వదిన ముందుగానే వచ్చి సైకిలు నేర్చుకుంది.

మంగళవాడ నుంచి ఆంధ్రా సరిహద్దు దాటి మడకశిర వైపు, అక్కడి నుంచి కళ్యాణదుర్గం వైపు తిరిగాం. నేను అంత దూరం పోవడం అదే మొదలు. ప్రతి ఇంట్లోనూ విత్తనం ఎక్కడ దాస్తారో చూడాలని నాకు ఒకటే ఆశ. ఒక ఇంట్లో బూడిద కలిపి కుండలో పెట్టారు. ఒక ఇంట్లో వేపాకు వేసి గోనెసంచిని దూలానికి కట్టారు. ఒకామె మంచం కిందే పోసుకొని, రోజూ దాని మీదే పడుకుంటానని చెప్పింది. ఎందుకని అడిగితే, "ఆకలైనప్పుడు మా ఇంటాయన చెయ్యి అట్ల పోకుండా" అని నవ్వింది. ఆమె కూడా ఒక చేటెడు ఇచ్చింది. కానీ కరువు అందరిదీ. అంత తిరిగినా రెండు మూటలు నిండలేదు, అందులోనూ సగం గింజలేని లొట్టకాయలు. దారిలో ఉండగానే మంచి వాన పడింది. నేల తడి ఆరేలోపల విత్తాలి. వదిన మాటలు తగ్గించి పెడళ్లు గట్టిగా తొక్కడం మొదలుపెట్టింది.

ఇక మా ఆశంతా వై.ఎన్.హొసకోట మీదే. అంగళ్లున్న పెద్ద ఊరు, కాయల వ్యాపారం ఉన్న ఊరు. సాయంత్రం చేరేసరికి, మా సంగతి ముందే విన్న ఒక వీధి ఆడవాళ్లంతా మాకోసం కాచుకొని ఉన్నారు. వాళ్లకు పెద్ద ఒక ముసలామె. అందరూ ఆమెను పెద్దమ్మ అంటున్నారు. ఒడి పోయడానికి పీటలు వేసి అక్కాచెల్లెళ్లనూ వదిననూ కూర్చోబెట్టారు. పసుపు రాశారు, బొట్టు పెట్టారు. భర్త పోయినదాన్ని నాకు ఒడి పోయరు. పెళ్లికాని టీచరమ్మకూ పోయరు. మేమిద్దరం అరుగు మీద కూర్చొని చూశాం. ఒక్కొక్కరి కొంగులో ఐదేసి దోసిళ్ల కాయలు పోసి, వెనక నుంచి నిండు మూటలు తెచ్చి, ఒక్కో మూటను ఒక్కో కొంగుకు తాకించి, "ఇది నీ ఒడేనమ్మా" అన్నారు. గట్టి కాయలు, ఒక్కటీ లొట్ట లేదు.

టీచరమ్మ చప్పట్లు కొట్టింది. అక్కాచెల్లెళ్లలో పెద్దామె మాత్రం తల ఎత్తలేదు.

"యాకమ్మా, ఏనాయితు?" ఏమైందని కన్నడంలో అడిగింది టీచరమ్మ.

"ఇది ఇంగ ఒడి టీచరమ్మా. ఒడి ఇంటికి తీసుకపోవల్ల. ఇంగొకరికి ఇస్తే పుట్టినింటికి మంచిది కాదు. మా తమ్మునికి ముందే బాగలేదు, ఆసుపత్రిలో ఉండాడు."

"విత్తనం కోసం తిరిగి, విత్తనం దొరికాక ఇదేం మాట?" అని టీచరమ్మ నావైపు చూసింది. ఆ భయం నాకూ తెలిసిందే. పెద్దమ్మ కూడా చిన్నబోయింది. "మా వీధికొచ్చిన ఆడబిడ్డలకు బిచ్చమేసినట్ల సంచిలో ఎట్ల పోసేది? అందుకే ఒడి పోసినాం. ఇంతదూరం ఆలోచన చేయలేదు తల్లీ."

వదిన ఒడి పట్టుకొని పెద్దమ్మ వైపు తిరిగింది. ఆ మూటలు చేజారితే ఎవరి ఇంటికి తాళం పడుతుందో అక్కడ అందరికీ తెలుసు. ఆమే అడిగింది.

"పెద్దమ్మా, ఒడి యాడ విప్పల్ల?"

"పుట్టినింటోళ్లు పోస్తే అత్తగారింట్లో విప్పల్ల."

"పోసినోళ్లు మీరు. అంటే ఇది మా ముగ్గురికీ పుట్టినిల్లే గదా?"

"అంతే గదా మరి."

"అట్లయితే అక్కాచెల్లెండ్లం ముగ్గురం ఒగే అత్తగారింటికి పోతాం. మా అత్తకు ఇంగో ఇద్దరు కోడండ్లు."

అక్కాచెల్లెళ్లలో చిన్నామె పకపకా నవ్వింది. "మీ అత్త సంగతి మాకు తెలీదా? ఒక కోడలికే పొద్దన్నుంచి మాపటిదాకా పాట పాడ్తాది. ముగ్గురితో ఏగుతాదా?"

"అత్త గడపకాడ కాళ్లకు నీళ్లు పోసి పిలిస్తేనే అది అత్తిల్లు" అంది పెద్దమ్మ. "ఆమె పోయకపోతే ఎవురి ఒడి వాళ్లు ఇంటికి తీసకపోండి."

మరునాడు పొద్దున్నే నాగలమడిక దారి పట్టాం. వెనక క్యారియరు మీద మూట, ముందు నడుముకు కట్టిన ఒడి. పెడలు తొక్కినప్పుడల్లా మోకాలు ఒడిని తాకి కాయలు గలగలమనేవి. ఇల్లు చేరేదాకా ఒడిని నేల మీద దించకూడదు, కాబట్టి వాళ్లు కూర్చోకుండా సైకిలుకు ఆనుకొని నిలబడే దమ్ము తీసుకున్నారు. మిట్ట వచ్చిన చోట నేనూ టీచరమ్మా మా సైకిళ్లు పక్కన పెట్టి వాళ్లవి తోశాం. అత్త నీళ్లు పోస్తుందా, పొమ్మంటుందా? దారంతా నాకు ఇదే యోచన. దారిలో కనిపించిన ఒకరిద్దరిని అడిగితే వాళ్లకూ తెలియదు. ఇలాంటిది ఇంతకుముందు ఎక్కడా జరిగినట్టు లేదు.

మధ్యాహ్నం దాటాక ఏటి ఇసుకలో సైకిళ్లు నడిపించుకుంటూ ఇల్లు చేరాం. జాతా అక్కడితో అయిపోయింది. చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు. వదిన అత్త ఒక్కతే గడపలో నిలబడి ఉంది. వదిన గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది.

"కోడండ్లను తెచ్చినావా?" అంది అత్త. "ఒకదాన్ని సాకలేకే సస్తాండానే."

"మేము పని చేస్తాం లే అత్తా, సంగటి పెడితే చాలు" అంది చిన్నామె.

అత్త నవ్వలేదు. మూట విప్పి చెయ్యి లోపలికి దూర్చి, అడుగు నుంచి ఒక కాయ తీసింది. చిదిమి, గింజను ఎండకు పెట్టి చూసి, నోట్లో వేసుకొని లోపలికి పోయింది. ఇక అయిపోయిందనుకున్నాం. అత్త చెంబుతో నీళ్లు తెచ్చి ముగ్గురి కాళ్ల మీదా పోసింది.

"కుడికాలు పెట్టి రాండి. గడప తొక్కొద్దండి."

లోపల ముగ్గురూ ఒడులు విప్పారు. కాయల కుప్ప ముందు అత్త చతికిలబడి, "ఇంగ ఇది నా ఇంటి గింజ. ఎవురికి ఎంతో నేను చెప్తా. పక్కిండ్లోళ్లను పిలుసుకొని రాపో" అని వదినను తరిమింది.

మరుసటి రోజు పొద్దున నేను ఇంటికి బయలుదేరలేదు. పిక్కలు పట్టేసి లేవలేకపోయాను కూడా. గింజ మీది పొట్టు చెదరకుండా చేత్తోనే కాయలు ఒలవాలి, అందుకని అత్త పక్కన చేట ముందు పెట్టుకొని కూర్చున్నాను. "అత్తా, ఇట్ల ముందర ఎవురన్నా చేసినారా?" అని అడిగాను.

"నాకేం తెలుసు? గడపకాడికొచ్చిన ఒడిని ఎవురన్నా ఎనక్కి పంపిస్తారా?" అంది ఆమె, ఒలవడం ఆపకుండానే.

ఎండ ఎక్కేసరికి ఒక చెక్క నేలకు సరిపడా గింజలయ్యాయి. పక్కింటి ఎద్దులు తెచ్చి విత్తే గొర్రు కట్టారు. నేను కొంగు నిండా గింజలు పోసుకొని, కుంటుకుంటూ గొర్రు వెంట నడుస్తూ, చాలులో పడేటట్టు ఒక్కొక్కటీ వదిలాను.