ఇసుక మూటలతో అతికిన కారు

నిన్న పొద్దున పెళ్లి ఫొటోలు తీసే ఆయన ఒకడు నెల్లూరు నుంచి మా ఇంటికి వచ్చాడు. మా పాత అంబాసిడర్ అద్దెకు కావాలట. కారు చుట్టూ తిరిగి, తలుపుల కింద అతికించిన ఇనుప పట్టీలను బూటుతో తట్టి, "భలే పని సార్, ఎవరు చేసినారు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, అరుగు మీద కాఫీ తాగుతున్న మా బావ, అంటే మా అక్క మొగుడు, "నేనే అబ్బయ్యా, దగ్గరుండి వేయించినా" అని మీసం తుడుచుకున్నాడు. నా చేతిలో గ్లాసు పగల్లేదంటే అది స్టీలుది కాబట్టి. కారు అద్దెకివ్వనని ఆ ఫొటోలాయన్ను పంపేశాను. బావను పంపలేను కదా, అల్లుడాయె. అందుకే ఇది రాస్తున్నాను.

మాది సముద్రానికి కూతవేటు దూరంలోని ఊరు. మా ఉప్పుగాలికి సైకిలుకు తాళం వేసే పని లేదు, తుప్పే పట్టి ఉంచుతుంది. గోడ గడియారాల ముళ్లు సాయంత్రం నాలుగు దాటడానికి మొరాయిస్తాయి. నమ్మకపోతే మానండి. అలాంటి గాలిలో ఆ కారును అన్నేళ్లు నిలబెట్టుకున్నది అమ్మ కోసం. అమ్మ మోకాళ్లు వంగేవి కావు. కొత్త కార్లలో కూర్చోవాలంటే బావిలోకి దిగినట్టు దిగాలి. ఆటో ఎక్కాలంటే ఎవరో ఎత్తి కుదేయాలి. ఇందులో అయితే అమ్మ కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి కూర్చునేది, నేను కాళ్లు రెండూ ఎత్తి లోపల పెట్టేవాణ్ణి. ప్రతి ఆదివారం ఇద్దరం సంగం వెళ్లేవాళ్లం. అక్కడ మా పెద్దమ్మకు మతి జారిపోతూ ఉండేది. కొడుకు పేరు మరిచిపోయింది. మొగుడి పేరు ఆవిడ ఏనాడూ పలకలేదు గనక అది ఎప్పుడు పోయిందో మాకు తెలీదు. చెల్లెల్ని మాత్రం గడపలో చూడగానే, "వచ్చినావా చిట్టీ" అనేది. ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని చింతకాయ తొక్కు గురించి పోట్లాడుకునేవారు. "ఆమె కంటికి కనపడతా ఉండండి, మానేస్తే ఇదీ పోతుంది" అని డాక్టరు మరీమరీ చెప్పాడు.

ఒక ఆదివారం సంగం నుంచి వస్తుంటే అమ్మ కాళ్ల కింద రేకు చిరిగి రోడ్డు కనపడింది. తలుపుల కింద ఉండే ఇనుమంతా బూడిద. అటూ ఇటూ గట్టి పట్టీలు వెల్డింగు పెట్టిస్తే, మళ్లీ ఆదివారానికి కారు సిద్ధం. సరిగ్గా అప్పుడే కొడవలూరు నుంచి బావ దిగాడు. వరి పండించే మనిషి. లోకంలో తక్కిన పనులన్నీ వరి కంటే తేలికని ఆయన నమ్మకం. వెల్డింగు షెడ్డులో కారును చూసి, "బరువు పెట్టి అతికించాల. ఉత్త కారుకు అతికిస్తే, రేపు అత్తయ్య కూర్చోంగానే పటుక్కుమంటాది" అన్నాడు. నాకు మండింది. "బావా, నడుం విరిగినోడికి కట్టు కట్టాలంటే నిటారుగా పడుకోబెడతారా, నెత్తిన బస్తా పెడతారా?" అన్నాను. "నువ్వు కథలు చెప్పుకో బామ్మర్దీ, పనులు మాకొదిలెయ్" అన్నాడు. వెల్డింగు మేస్త్రి నవ్వాడు. ఇంటికొచ్చి అమ్మతో మొరపెట్టుకుంటే, "అల్లుడుగారికి ఎదురు మాట్లాడబాకరా" అని నా నోరే మూసింది.

ఇసుక మూటలు తడిపి కారు నడుమ పేర్చారు. తుప్పు కారు గర్భిణీలా కుంగింది. తలుపులు మూసి, ఆ కుంగుడు మీదే రెండు వైపులా పట్టీలు అతికేశారు. తెల్లవారి చూస్తే నాలుగు తలుపుల్లో ఒక్కటీ తెరుచుకోదు. మూటలను కిటికీల్లోంచి లాగేసినా కారు లేవలేదు. కుంగిన నడుమును పట్టీలు అలాగే పట్టేశాయి. బావ తలుపు కింది పట్టీని తన్ని చూసి, "చూసినావా, ఎంత పట్టు పట్టిందో!" అన్నాడు. అమ్మ చేతికర్రతో వచ్చి నిలబడి, "కిటికీలోంచి దూరమంటారా నాయనా, నేనేమన్నా పిల్లినా?" అంది. ఆయన ఆ మధ్యాహ్నమే, కోతలున్నాయని కొడవలూరు బస్సెక్కాడు.

మేస్త్రి ముత్తుకూరు పోర్టు పనికి పోయి, పిలిస్తే రాలేదు. ఇంకొకణ్ణి వెతికి, పట్టీలు కోయించి, కారును సమంగా నిలబెట్టి, తలుపులు పడుతున్నాయో లేదో చూసుకుంటూ మళ్లీ అతికించేసరికి వేసవి అయిపోయింది. మధ్యలో ఒకసారి పక్కింటివాళ్ల కొత్త కారు అడిగి బయల్దేరాం. ఊరి పొలిమేర దాటకముందే అమ్మ నొప్పికి తాళలేక, "తిప్పెయ్ రా" అని ఏడ్చింది.

చివరికి మా కారులోనే వెళ్లాం. పెద్దమ్మ మంచం మీదనుంచి తలెత్తి చూసింది. "ఎవరమ్మా నువ్వు? కాళ్లు నొప్పులున్నట్టుండాయే, కూర్చో" అంది. అమ్మ ఆ మంచం మీదే, ఆవిడ పక్కనే కూర్చుంది. "ఏం లేదమ్మా, దారిన పోతా దప్పికైతే ఆగినా" అంది. పెద్దమ్మ మంచినీళ్లు తెప్పించింది. అమ్మ తాగింది.

దసరాకు బావ వచ్చి, "కారెట్టుండాది అత్తయ్యా?" అని అడిగితే, "బాగుండాది నాయనా" అని వడ్డించింది అమ్మ. నేను అన్నం ముందునుంచి లేచిపోయాను. ఇప్పుడా అక్కాచెల్లెళ్లిద్దరూ లేరు. ఉప్పుగాలి ఆ ఇనుమును తినడానికి ఏళ్లు పట్టింది. అక్క మనసులోంచి చెల్లెల్ని తుడిచెయ్యడానికి మా బావ పెత్తనం చేసిన ఒక్క వేసవి చాలింది.