టేబుల్‌కి అవతలి వైపు సత్యవతి మేడం

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టుకు దగ్గర్లో మా ఆసుపత్రి. లారీలు దిగే ఉదయాల్లో ఆ ఘాటు కిటికీలోంచి నేరుగా నా గదిలోకి వచ్చేస్తుంది. కొత్తగా చేరిన నర్సులు ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంటారు. రోగులు మాత్రం నా మొహం చూసి కంగారుపడతారు. రిపోర్టు చదువుతూ డాక్టరే కళ్లు తుడుచుకుంటున్నాడంటే అందులో ఏం రాసి ఉందోనని వాళ్ల భయం. “ఏం లేదండీ, ఉల్లిపాయ” అని సర్దిచెబుతాను. అది సగం నిజం. మిగతా సగం పేరు సత్యవతి మేడం.

ఏలూరులో నేను సర్జరీ పీజీ చదివే రోజుల్లో ఆవిడ మా యూనిట్ చీఫ్. మనిషి పొట్టి. ఆపరేషన్ టేబుల్ దగ్గర చిన్న పీట వేసుకుని నిలబడేవారు. ఆవిడ దగ్గరికి నేను వచ్చేసరికే నా చదువు సగం దాటిపోయింది. అంతకు ముందు యూనిట్లో నా ఉద్యోగమల్లా రిట్రాక్టర్ పట్టుకోవటం. అంటే పెద్దవాళ్లు లోపల పని చేసుకుంటుంటే, పొట్ట అంచును ఇనుప కొక్కెంతో పక్కకు లాగి పట్టుకుని నిలబడటం. పీజీ అంటే ‘పట్టుకుని గడిపేవాడు’ అని మాలో మేం అర్థం చెప్పుకునేవాళ్లం. పుస్తకాల్లోంచి శాస్త్రం బాగానే వచ్చింది, శస్త్రమే చేతికి రాలేదు. గుండుగొలనులో మా అమ్మ మాత్రం వీధి వీధంతా “మావాడు ఏలూరులో ఆపరేషన్లు చేసేస్తున్నాడండీ” అని చెప్పుకొచ్చేది. ఇంట్లో అసలు కోతలు నాన్నవి, వరిచేలో. ఉత్త కోతలు నావి.

ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, అప్పట్లో ఆ బెదురు అన్నం కూడా సరిగ్గా తిననిచ్చేది కాదు. కొన్నాళ్లు పోతే పట్టా చేతికొస్తుంది. ఏదో చిన్న ఊళ్లో నన్ను సర్జన్ అని కూర్చోబెడతారు. టేబుల్ మీద ఒక మనిషి ఉంటాడు, నా చేతిలో కత్తి ఉంటుంది, అవతలి వైపు ఎవరూ ఉండరు. అప్పుడు నేనేం చేస్తాను? ఆ మనిషికేం అవుతుంది?

మొదటి రోజే మేడం నన్ను పిలిచి అడిగారు.

“ఇప్పటిదాకా నువ్వు సొంతంగా ఏం చేశావు బాబూ?”

“చాలా కేసులు చూశానండి మేడం.”

“చూసినవి అడగలేదు.”

“చాలావాటికి అసిస్ట్ చేశానండి.”

“అంటే పట్టుకున్నావు.”

“అవునండి.”

“సరే, రేపు ఉల్లిపాయలు తెచ్చుకో.”

ఉల్లిపాయను నిలువుగా కోసి రేకులు విడదీస్తే, రేకుకూ రేకుకూ మధ్య అతి పల్చటి పొర ఒకటి ఉంటుంది. దాన్ని పట్టకారుతో చిరగకుండా పైకి లేపాలి. అది వచ్చేదాకా ఆవిడ యూనిట్లో ఎవరికీ కత్తెర ఇవ్వరు. “మనిషి లోపలి పొరలు కూడా ఇంతే పల్చన. ఉల్లిపాయైతే ఇంకోటి తెచ్చుకోవచ్చు” అనేవారు. హాస్టల్ గదిలో నేను చించిన పొరలకు లెక్కే లేదు. మా వంటావిడ గుమ్మంలో నిలబడి, “ఏవండీ డాక్టరు గారూ, ఎలాగూ కోస్తున్నారు, ఆ చేత్తోనే సాంబారుకి కూడా కోసిపెట్టేద్దురూ” అనేది. కోసిపెట్టాను కూడా. ఆ నెల మా హాస్టల్ సాంబారులో ఉల్లిపాయలు శస్త్రచికిత్సా ప్రమాణాలతో ఉండేవి.

కత్తెర చేతికొచ్చాక తెలిసింది, అసలు పరీక్ష థియేటర్లో కాదు, వార్డులో అని. ఏ ఆపరేషనైనా పీజీ చేయబోతున్నాడంటే, మేడం ముందుగా ఆ పీజీని వెంటబెట్టుకుని రోగి మంచం దగ్గరికి వెళ్లేవారు. “ఈ బాబు చేస్తాడండీ. ఇంకా నేర్చుకుంటున్నాడు. నేను ఎదురుగా నిలబడతాను. ఇష్టం లేదంటే చెప్పండి, నేనే చేస్తాను, ఎవరం ఏమీ అనుకోం” అని చెప్పేవారు. ‘ఇంకా నేర్చుకుంటున్నాడు’ అనే మాట దగ్గర మా అందరికీ ప్రాణం చివుక్కుమనేది. ఆ ఒక్క ముక్క మింగేస్తే ఎంత బాగుండునో అనిపించేది. ఆవిడ ఎప్పుడూ మింగలేదు.

నా మొదటి హెర్నియా అలాగే చేజారింది. రోగి ఒక కిరాణా షాపు యజమాని, నెమ్మదస్తుడు. ఆయన తలూపాడు గానీ ఆయన భార్య నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

“ఈ బాబాండీ? ఈయనకింకా మీసాలే సరిగ్గా రాలేదు కదండీ! వద్దండీ డాక్టరమ్మగారూ, మీరే చెయ్యండి. ఏమీ అనుకోకు నాయనా.”

“అయ్యో, అనుకోటానికేముందండీ” అన్నాను. చాలా అనుకున్నాను. ఆ రోజు మళ్లీ రిట్రాక్టరే పట్టుకున్నాను. ఆపరేషనయ్యాక చేతులు కడుక్కుంటూ మేడం అడిగారు.

“కోపం వచ్చిందా?”

“లేదండి మేడం. కానీ మీరు అలా విడమరిచి చెబితే ఎవరు ఒప్పుకుంటారండీ?”

“ఒప్పుకున్నవాళ్లే ఒప్పుకుంటారు. ఆ పొట్ట ఆయనది బాబూ. నీ పరీక్ష కోసం తెచ్చుకున్నది కాదు.”

అని ఊరుకోలేదు. తన బ్యాగులోంచి ఒక ఉల్లిపాయ తీసి నా చేతిలో పెట్టారు. “ఈలోగా ఇది వద్దనదులే” అన్నారు.

ఒప్పుకున్న మనిషి ఒక మధ్యాహ్నం కొల్లేటి లంక గ్రామం నుంచి వచ్చాడు. పేరు ఏడుకొండలు. చేపల చెరువుల మీద పని. అపెండిక్సు వాచి, కడుపు పట్టుకుని మంచం మీద ముడుచుకుపోయి ఉన్నాడు. మేడం తన మాట ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పారు. నేను మీసం మీదికి చెయ్యి పోనిచ్చి, పనికొచ్చేంత లేదని గుర్తొచ్చి దించేశాను.

ఏడుకొండలు నన్ను చూడలేదు. మేడంనే చూశాడు.

“ఎదురుగా మీరుంటారు కదండీ?”

“ఉంటాను.”

“మధ్యలో ఎవరన్నా పిలిస్తే ఎల్లిపోరు కదండీ?”

“కదలనయ్యా.”

“ఆయ్. అయితే కానియ్యండి.”

నడుముకి ఇంజెక్షన్ ఇచ్చి కింది భాగానికి మాత్రమే మత్తు ఇచ్చారు. అంటే మనిషి మెలకువగానే ఉంటాడు. ముఖానికీ పొట్టకూ మధ్య ఒక గుడ్డ అడ్డం కడతారు. అతనికి మేం కనపడం గానీ మా మాటలన్నీ వినపడతాయి. నేను కుడివైపు నిలబడ్డాను. ఎదురుగా పీట మీద మేడం, చేతిలో రిట్రాక్టర్. నా జీవితంలో మొదటిసారి అది వేరే వాళ్ల చేతిలో ఉంది.

పొరలు ఒక్కొక్కటే విడివడ్డాయి. అపెండిక్సు కనపడింది. దానికి రక్తం తెచ్చే సన్నటి నాళానికి దారంతో ముడివేసి, కోశాను. ముడి జారింది. కళ్లముందే గాయం ఎర్రగా నిండిపోయింది. లోపల ఏదీ కనపడటం లేదు. నా చేతిలోని క్లాంపు, అంటే నాళాన్ని బిగించి పట్టే పట్టకారు, దానంతటదే ఆ ఎరుపులోకి వెళ్లబోయింది.

“ఆగు” అన్నారు మేడం. ఆవిడ చెయ్యి లోపలికి వచ్చింది. బొటనవేలూ చూపుడువేలూ పేగు పక్కన ఎక్కడో కలుసుకున్నాయి. రక్తం ఆగిపోయింది.

చీఫ్ చెయ్యి లోపలికి వచ్చిందంటే పీజీ ఆట ముగిసినట్టే. అన్ని యూనిట్లలోనూ అదే మర్యాద. నేను క్లాంపు ట్రేలో పెట్టేసి ఒక అడుగు వెనక్కి వేశాను. మత్తు డాక్టరు గారు కూడా తల పైకెత్తి, “మీరు తీసుకుంటున్నారా మేడం?” అన్నారు.

“బీపీ ఎలా ఉందండీ?”

“బాగుందండి.”

“అయితే తీసుకోటానికేం లేదు. పట్టుకోటానికే వచ్చాను.” ఆవిడ నా వైపు తిరిగారు. “ఎక్కడికి పోతున్నావు? రా. ఎంతసేపైనా పట్టుకుంటాను. నీకొక్కడికే వచ్చనుకున్నావా పట్టుకోవటం?”

గుడ్డకు అవతలి నుంచి గొంతు వినపడింది. “ఏవండీ డాక్టరమ్మగారూ, ఏవన్నా తేడా వచ్చిందాండీ?”

ఏం లేదని ఒక మాట అంటే సరిపోతుంది. ఎవరైనా అదే అంటారు.

“కొంచెం రక్తం వచ్చిందయ్యా. నేను పట్టుకున్నాను, ఆగింది. బాబు మళ్లీ ముడి వేస్తాడు. నేను ఇక్కడే ఉన్నాను.”

ఏడుకొండలు అన్నాడు: “నిదానంగానే కానియ్యమనండి. ఇప్పుడు నాకు మాత్రం వేరే పనేముందండీ?”

నర్సు ఫక్కున నవ్వింది. నాకు మళ్లీ చేతులున్నాయని గుర్తొచ్చింది.

“తుడువు,” అన్నారు మేడం, మెల్లగా. “ఇప్పుడు వేళ్లు కొంచెం వదులుతాను. చూడు. కనపడితేనే పట్టు. కనపడకపోతే చెప్పు, మళ్లీ నొక్కుతాను.”

మొదటిసారి కనపడలేదు. చెప్పాను. నొక్కారు. రెండోసారీ కనపడలేదు. చెప్పటానికి సిగ్గేసింది, అయినా చెప్పాను. మళ్లీ నొక్కారు, విసుక్కోలేదు. ఆ తరువాతి సారి, తెల్లటి పొర అంచున, ఎర్రటి చుక్క ఊరుతూ కనపడింది. పట్టుకున్నాను. ముడి వేశాను, దాని మీద ఇంకోటి. “నా వేళ్లు తీసేస్తున్నాను” అన్నారావిడ. తీసేశారు. పొడిగా ఉంది. మేడం తిరిగి రిట్రాక్టర్ అందుకుని, “మిగతాది కానివ్వు, కాళ్లు లాగుతున్నాయి” అన్నారు.

మర్నాడు వార్డులో, జరిగిందంతా ఏడుకొండలుకీ అతని భార్యకీ నా నోటితోనే చెప్పించారు. నేను పుస్తకభాషలో ఏదో చెప్పబోతే ఆ ఇల్లాలు ఆపేసింది: “రాత్రే చెప్పాడండీ మా ఆయన. బాబు చేతులు బాగానే ఉన్నాయి, గుండే ఇంకా చిన్నపిల్లాడిదని.” అంతకంటే నిజాయితీగల సర్టిఫికెట్ నాకు యూనివర్సిటీ కూడా ఇవ్వలేదు.

మేడం రిటైరయ్యాక, ఏలూరు వెళ్లినప్పుడల్లా ఆవిడ ఇంటికి వెళ్లేవాణ్ణి. పోయినేడు ఆవిడ కన్నుమూయటానికి కొద్ది రోజుల ముందు కూడా వెళ్లాను. మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని బలహీనంగా నవ్వారు. ఎప్పటినుంచో అడగాలనుకున్నది ఆ రోజు అడిగాను.

“ఆ రోజు మీకు అసలు భయం వెయ్యలేదా మేడం? మీరు చేసుంటే నిమిషంలో అయిపోయేది కదండీ.”

“ఎందుకు వెయ్యలేదూ? కదలనని ఆ మనిషికి మాటిచ్చాను. నేను చేసేస్తే నువ్వు ఆ క్లాంపు మళ్లీ పట్టవని భయం. చెయ్యకపోతే అతనికేమన్నా అవుతుందని భయం. పీట మీద నా కాళ్లు ఎలా వణికాయో నీకేం తెలుసు? కిందిదాకా గుడ్డ కప్పి ఉంది కాబట్టి సరిపోయింది.”

నేను నమ్మలేకపోయాను. ఇన్నేళ్లూ నేను ఆవిడ వేళ్లనే చూశాను.

ఇప్పుడు మా ఆసుపత్రికి సర్జరీ నేర్చుకునే పిల్లలు వస్తున్నారు. ఈ వారం జంగారెడ్డిగూడెం అమ్మాయి ఒకతె, ఒప్పుకున్న రోగి మీదే, తన మొదటి అపెండిక్సు చేసింది. మధ్యలో ఎక్కడో సన్నగా రక్తం ఊరింది. చెయ్యి ఆపి నా వైపు చూసింది. “సార్, మీరు తీసుకుంటారా?”

“లేదమ్మా. పట్టుకుంటాను. నువ్వు చూడు.”

రెండు వేళ్లు లోపలికి పోనిచ్చి నొక్కాను. ఆ అమ్మాయి నా చేతిని చూసింది, అది కదలకుండా ఉండటం చూసింది, ఊపిరి తీసుకుని తల వంచింది. పచ్చటి గుడ్డల కింద నా మోకాళ్లు ఒకదానికొకటి తగులుతూనే ఉన్నాయి.