తోమిన బిళ్ల

గున్నేశ్వరరావుకి ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరు ఏ పాత నాణెం చూపించినా, ఉన్న విలువకి నయాపైసా ఎక్కువ చెప్పలేడు. చెప్పబోతే నాలుక తిరగదు. రాజమహేంద్రవరం కోటగుమ్మం దగ్గర అతనికి గుండీలు, దారాల కొట్టుంది. గుండీలకి వచ్చేవాళ్లకంటే, పాత బిళ్లలు తెచ్చి తిట్టుకుంటూ పోయేవాళ్లే ఎక్కువ.

నాణెం బల్ల మీద పెట్టగానే భూతద్దం ఎత్తి, ముందు ఒకటే అడుగుతాడు.

"తోమారా?"

"ఆయ్! చింతపండేసి తళతళలాడేలా తోమామండి!"

"హరి హరీ! ఆ నలుపే కదండీ దాని వయసు! విలువంతా తూములో పోశారు."

ఈ మాట విన్నాక, అలా తోమి తెచ్చిన ఎదురింటి ముసలయ్య ఆరు నెలలు పలకరించలేదు.

"అబద్ధమైనా ఓ మంచిమాట చెప్పకూడదూ?" అంటుంది భార్య అమ్మణ్ణి.

"నా వల్ల కాదే. నేనే అరిగిన బిళ్లని. బొమ్మ చెరిగింది, అంచు చొట్టపోయింది. ఇంకా చెల్లుతున్నానంటే నీ చలవే."

తనని తానూ వదలడు. పదేళ్ల కిందట యానాంలో ఫ్రెంచివాళ్ల కాలం నాటి వెండి నాణెమని ఐదువేలు పోసి ఒకటి కొన్నాడు. ఇంటికొచ్చి అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంది. వెండైతే అతుక్కోదు కదా! ఆ ఇనప బిళ్లని గాజుపెట్టెలో పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు.

"ఇదండీ నా డిగ్రీ. ఫీజు ఐదువేలు."

ఓ మధ్యాహ్నం, జాకెట్లు కుట్టే చిన్నమ్మాయి పరుగున వచ్చింది.

"బాబాయిగారండీ! నా రెండు రూపాయల బిళ్లకి పది లక్షలిస్తారంట! ఫోన్ చేశారు. ముందు రిజిస్ట్రేషన్‌కి ఇరవైవేలు కట్టాలంట. మోటారు మిషనుకి దాచుకున్నది పంపేస్తున్నానండి. మీరోసారి చూడండి."

చూశాడు. "రెండు రూపాయలమ్మా. అది దొంగల పని. పంపకు."

"మీరెప్పుడు మంచి ధర చెప్పారు గనక!" అని విసురుగా ఫోన్ తీసింది. ఇక నొక్కడమే తరువాయి.

నాలుగేళ్లు నడుం వంచి కుట్టిన డబ్బది. నిజం చెబితే నమ్మేలా లేదు. గున్నేశ్వరరావు గబగబా భూతద్దం మళ్లీ ఎత్తాడు.

"ఆగాగు! నేనే సరిగ్గా చూడలేదు. పాతిక లక్షలమ్మా ఇది! పదికే కొట్టేద్దామని చూస్తున్నారు వెధవలు!"

పక్కనే దారాలు సర్దుతున్న అమ్మణ్ణి చేతిలో దారపుండ జారిపోయింది.

"నిజమేనాండి?" అంది చిన్నమ్మాయి.

"మా ఆవిడ మీదొట్టు!"

అమ్మణ్ణి గుండె పట్టుకుంది.

"కానీ పదేళ్లు దాచాలి. ఎవరికీ పైసా కట్టకూడదు. వాళ్ల ఫోన్ ఎత్తావా, ధర పడిపోద్ది!"

చిన్నమ్మాయి బిళ్లని కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. అమ్మణ్ణి గుప్పెడు ఉప్పు తెచ్చి తనకి తనే దిష్టి తీసుకుంది.

నెల తిరక్కుండానే అలాంటి ఫోనే పక్క కొట్టు వీరాస్వామికి వచ్చి, ముప్పైవేలు ఊడ్చుకుపోయిందని బజారంతా గుప్పుమంది. మర్నాడే చిన్నమ్మాయి వచ్చింది. మోటారు మిషను కొన్నానని చెప్పి, కాగితం పొట్లం విప్పింది.

"నాకంతా తెలిసిపోయిందండి. ఈ పాతిక లక్షలూ మీరే ఉంచుకోండి. ఊరికే ఇవ్వడమేంటని, చింతపండేసి తోమి మరీ తెచ్చానండి."

బిళ్ల అద్దంలా మెరుస్తోంది. ఇప్పుడు పెట్టబోయే కేక తలుచుకుని అమ్మణ్ణి చెవులు మూసుకుంది.

గున్నేశ్వరరావు భూతద్దం ఎత్తాడు. బిళ్లని అటూ ఇటూ తిప్పాడు.

"భలే తోమావమ్మా! ఇంత విలువైన బిళ్ల నా కొట్టుకి ఎప్పుడూ రాలేదు."

దాన్ని గాజుపెట్టెలో యానాం బిళ్ల పక్కన పెట్టాడు.

"మళ్లీ నా మీదొట్టు వేస్తారేంటి కొంపదీసి?" అంది అమ్మణ్ణి.

"భయపడకే, ఈసారి నిజమే చెప్పాను."