ఐదో రోజు వచ్చిన జోకర్

దయ్యాల కబుర్లు మొదలైతే అక్కణ్నుంచి లేచి వెళ్ళిపోయే రకం నేను. ముప్పై ఏళ్ళు కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా పనిచేశాను. శ్మశానాల పక్కన ఎన్ని స్తంభాలెక్కానో గుర్తు కూడా లేదు. నన్ను భయపెట్టింది తీగలో ఉన్న కరెంటే, మరొకటి కాదు. ఇది చదివి నన్ను తాయెత్తు కట్టించుకొమ్మని ఎవరూ సలహా ఇవ్వొద్దు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

మాది గచ్చిబౌలి. ఇప్పటి గచ్చిబౌలి కాదు. డెబ్భైల మొదట్లో అది బండరాళ్ళ మధ్య సీతాఫలం చెట్లు, జొన్న చేలు ఉన్న చిన్న ఊరు. ఇంట్లో అమ్మ, బాపు, నేను, చెల్లె సుగుణ. నాకు పన్నెండేళ్ళు, దానికి ఐదు.

పట్నంలో సర్కస్ ఆడుతోందని బాపు ఒకసారి మమ్మల్ని తీసుకెళ్ళాడు. సింహాన్ని చూసి చప్పట్లు కొట్టిన సుగుణ, జోకర్ రాగానే గుక్కపట్టి ఏడ్చింది. సున్నం కొట్టినట్టున్న మొహం, చెవుల దాకా గీసిన ఎర్రటి నోరు. డేరా అంతా పడీపడీ నవ్వుతుంటే ఇదొక్కతే వణికిపోయింది. ఆట సగంలోనే బయటికొచ్చేశాం. నాకు దాని మీద పట్టరాని కోపం వచ్చింది. ఏనుగులు ఇంకా రానేలేదు మరి.

ఇంటికొచ్చాక మాకు అదొక ఆటైపోయింది. అన్నం తినకపోతే జోకర్ వస్తాడు. నిద్రపోకపోతే జోకర్ వస్తాడు. అమ్మ అనేది, బాపు అనేవాడు, అందరికంటే ఎక్కువ నేనే అనేవాణ్ని. అది గబగబా ముద్దలు మింగుతుంటే మాకు నవ్వాగేది కాదు.

ఆ ఏడు జొన్నలు ఇంటికొచ్చాక ఊళ్ళోకి పగటి వేషగాళ్ళు దిగారు. ఏటా వచ్చేవాళ్ళే, నలుగురూ ఒకే ఇంటివాళ్ళు. రోజుకో వేషం కట్టి వాకిలి వాకిలికీ తిరిగేవారు. ఒకరోజు శివుడు, ఒకరోజు కోయదొర, ఒకరోజు పోలీసు. వేషంలో ఉన్నన్ని రోజులు ఏమీ అడగరు. చివరిరోజు మొహాలు కడుక్కుని, మామూలు బట్టల్లో వచ్చి, ఎవరు ఏ వేషం కట్టారో చెప్పి గింజలు పెట్టించుకుంటారు.

ఐదో రోజు మిట్టమధ్యాహ్నం అమ్మ వాకిట్లో జొన్నలు ఎండబోస్తోంది. తలెత్తి చూస్తే జోకర్ నిలబడి ఉన్నాడు. తెల్లటి మొహం, ఎర్రటి నోరు. డప్పు లేదు, పాట లేదు. కొత్త వేషం నేర్చుకున్నారనుకుని అమ్మ నవ్వింది. సుగుణ అప్పటికే ఇంట్లో గింజలు పోసే గుమ్మి వెనక దూరింది.

మా ఇళ్ళల్లో పిల్లల భయానికి ఒకటే మందు. బర్రెకు భయపడితే బర్రె మీద చెయ్యి పెట్టించేవాళ్ళు. అమ్మ నన్ను పిలిచింది.

“గింత భయమైతే రేపు ఎట్ల బతుకుతది? ఎత్తుకరా బిడ్డా, ఒక్కపారి ముట్టిపియ్యి. ఉత్త రంగే అని తెలిస్తే భయం పోతది.”

ఎత్తుకొచ్చాను. నా అంగీని పిడికిళ్ళతో పట్టుకుని “వద్దన్నా, వద్దన్నా” అంది. నేను ఆగలేదు. సర్కస్ సంగతి మనసులో ఇంకా ఉంది కాబోలు. దాని కుడిచెయ్యి విడిపించి అతని చెంపకు ఆనించాను. నా వేళ్ళు కూడా తగిలాయి. అంత ఎండలో ఆ చెంప చల్లగా ఉంది. అతను కదల్లేదు, రెప్ప వేయలేదు. అమ్మ చేటతో జొన్నలు తెచ్చేలోపు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

సుగుణ ఏడుపు ఆపేసింది. “చూసినవా, భయం పోయింది” అని అమ్మ సంబరపడింది. నేను దాని అరచెయ్యి చూశాను, నా వేళ్ళు చూసుకున్నాను. రంగు కొంచెం కూడా అంటలేదు.

మర్నాడు వేషగాళ్ళు మొహాలు కడుక్కుని వచ్చారు. జోకర్ వేషం ఎవరిదని అమ్మ అడిగింది. వాళ్ళలో పెద్దాయన తెల్లబోయాడు.

“జోకరా? మాకు ఆ వేషమే లేదమ్మా. నిన్న పొద్దుగూకేదాంక మేం నలుగురం కోకాపేటల్నే ఉన్నం. కావాలంటే అడుగుండ్రి.”

బాపు నిజంగానే పక్కూరు కోకాపేట వెళ్ళి అడిగాడు. మా మేనమామ ఇల్లు అక్కడే. ఆ మధ్యాహ్నం నలుగురూ తన వాకిట్లోనే ఆడారని మామ చెప్పాడు. మా వాడలో మరెవరూ జోకర్‌ను చూడలేదు. చూసింది మేం ముగ్గురమే.

సుగుణ మళ్ళీ ఏడవలేదు. మోకాలు చీరుకుపోయినా ఏడవలేదు. మాట్లాడటం కూడా మానేసింది. మాలో ఎవరైనా నవ్వితే మాత్రం రెండు చేతులతో కళ్ళు మూసుకునేది. కొన్నాళ్ళకు మా ఇంట్లో నవ్వడం మానేశాం. అది కూడా చాల్లేదు. మొహం పక్కకు తిప్పుకుని పెడితేనే ముద్ద తీసుకునేది. కన్నబిడ్డకు అమ్మ అలా గోడవైపు చూస్తూనే అన్నం పెట్టేది.

పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకెళ్ళారు. ఏ రోగమూ కనబడలేదన్నారు. దర్గాకు తీసుకెళ్ళారు, మైసమ్మకు మొక్కారు. పిల్ల మాత్రం రోజురోజుకూ చిక్కిపోయింది.

వానాకాలంలో ఒక పొద్దున అమ్మా బాపూ చేనుకు వెళ్ళారు. నేను దాని మంచం పక్కన కూర్చున్నాను. ఎనిమిది నెలల తర్వాత అది నోరు విప్పింది. గొంతులో భయం లేదు, బాగా అలిసిపోయినట్టుంది.

“ఇగ చాలన్నా. మొఖం కడుక్కో.”

మాట వచ్చిందన్న సంతోషంలో బయటికి పరుగెత్తాను. నీళ్ళ గోలెం దగ్గర సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కున్నాను. మండేదాకా కడుక్కున్నాను. నీళ్ళు కారుతున్న మొహంతోనే వచ్చి దాని ముందు కూర్చున్నాను. నా వైపు చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా గోడవైపు తిరిగి పడుకుంది.

మూడో రోజు పోయింది. అప్పటిదాకా మళ్ళీ నావైపు తిరగలేదు.

ఎంత ఆలోచించినా దీనికి కారణం నాకు దొరకలేదు. జడుపు జ్వరమన్న వాళ్ళున్నారు, అయి ఉండొచ్చు. కానీ దానికి జ్వరం లేదు. నా మొహంలో అది ఏం చూసిందో నాకు తెలియదు. అది చివరిగా అన్న ఆ మాట అమ్మ బతికున్నన్నాళ్ళూ అమ్మకు చెప్పలేకపోయాను.