ఊపిరాడని అక్షరాలు

ఏ అక్షరం కనిపించినా దానికి ఊపిరాడుతోందా లేదా అని చూడడం ఆయన జబ్బు. అందుకే ఆఫీసులో అందరూ ఆయన్ని ఊపిరన్నయ్య అంటారు. ఆఫీసంటే పెద్దదేమీ కాదు, రెండు గదులు. ఆయన వెబ్‌సైట్లు డిజైన్ చేస్తాడు. ఆఫీసు నడిపే ఆయన చెల్లెలు వచ్చిన వాళ్లతో మాట్లాడుతుంది, ఆయన చెడగొట్టిన బేరాలను అతికిస్తుంది.

"చూడవే, పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస గుడి నెత్తిన కూర్చుంది. పాపం, దానికి ఊపిరెలా ఆడుతుంది?"

"అన్నయ్యా, అది అక్షరం. దానికి ముక్కు లేదు."

"ముక్కు లేకపోతే మాత్రం?" అంటూ ఆయన వరుసల్ని దూరం జరిపేవాడు. చేయి ఊరుకోక అక్షరాల్ని కూడా పెంచేవాడు. ఒక తెరలో సర్దుకోవాల్సిన నాలుగు ముక్కలు మెట్లు దిగుతున్నట్టు కిందికి కిందికి పోయేవి. ఈమధ్య ఈ పిచ్చి మరీ ముదిరిందని చెల్లెలు తల పట్టుకునేది.

గరుకు తడిమి చూడడమన్నా ఆయనకు అంతే పిచ్చి. గోడ కనిపిస్తే నిమురుతాడు, ఎదుటివాళ్ల చొక్కా చేయి పట్టుకుని నలిపి చూస్తాడు. తెర మీద ఇసుక గరుకైనా గోనె నేతైనా ఆయన చేస్తే వేలు పెట్టి తడమాలనిపిస్తుంది. ఒకసారి మెట్ల దగ్గర "తడి రంగు, ముట్టుకోవద్దు" అని కాగితం అంటించారు. ఊపిరన్నయ్య దాని ముందు నిలబడి, మాటల మధ్య ఖాళీ చాల్లేదని కాసేపు సణిగి, గోడ గరుకు ఎలా ఉందోనని అరచెయ్యి ఆనించాడు.

"కాగితం చదవలేదా?" అని అరిచింది చెల్లెలు.

"చదివాను. అంత ఇరుకు అక్షరాలు చెబితే ఎవరు నమ్ముతారే?" అని పచ్చటి చెయ్యి చూపించాడు.

అలాంటి మనిషి చేతికి పరుపుల షాపు వెబ్‌సైటు వచ్చింది. అప్పటికే రెండు పనులు చేజారాయి. ఇదీ పోతే ఆఫీసుకు తాళం వేసుకోవాల్సిందే. షాపాయనకు మాత్రం తన పరుపు గుడ్డ మీద వల్లమాలిన ప్రేమ. "ఆ నేత పేజీ అంతా కనబడాలి. దాని మీద సన్నటి అక్షరాలు. నాజూగ్గా ఉండాలండీ" అన్నాడు.

"నేత అంచుల్లో పెడదాం సార్. అక్షరాల కింద వద్దు. రాళ్ల మీద పడుకోబెడితే మీకు నిద్ర పడుతుందా?"

"నేను అమ్మేది పరుపులండీ, రాళ్లు కాదు" అని షాపాయన మొహం ముడుచుకున్నాడు.

చెల్లెలు ఆయన్ని పక్కకు లాగింది. "అన్నయ్యా, ఈ ఒక్కసారికి నోరు మూసుకో" అని బతిమాలి, ఆ పని తన చేతుల్లోకి తీసుకుంది. షాపాయన కోరినట్టే పేజీ అంతా నేత పరిచింది, షాపు నుంచి వచ్చిన రాతను ఉన్నదున్నట్టు చీమల్లా సన్నగా పేర్చింది.

చూపించే రోజు వచ్చింది. షాపాయన కుర్చీలో వెనక్కి వాలి, "మీరే చదవండమ్మా, వింటాను" అన్నాడు. చెల్లెలు గతుక్కుమంది. కొంతకాలంగా ఆమెకు దగ్గరి అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తున్నాయి. కళ్లజోడు పెడితే ముసలిదాన్నైపోయానంటారని ఎవరికీ చెప్పలేదు. ఫోను చెయ్యి చాపినంత దూరం పట్టుకుని, నడుము విరుచుకుంటున్నట్టు నటించేది. ఇప్పుడు ఆ దారీ లేదు. గొంతు సవరించుకుని, దేవుడి మీద భారం వేసి చదివింది.

"మా ప్రత్యేకత... నల్లుల పరుపులు!"

షాపాయన కుర్చీలోంచి దిగ్గున లేచాడు. "నా పరుపుల్లో నల్లులా?"

అక్కడ ఉన్నది "నల్లని పరుపులు". అది తెలిసేసరికి చెల్లెలి మొహం కందగడ్డ అయింది. ఆఫీసు మునిగిందనుకుంది. అప్పుడు ఊపిరన్నయ్య మధ్యలోకి వచ్చాడు.

"ఆవిడ కనిపించిందే చదివింది సార్. తప్పు నాది, నేతలో పడి అక్షరాలు నలిగిపోయాయి. కావాలంటే మీరు చదవండి."

షాపాయన తెర దగ్గరికి వంగాడు, వెనక్కి జరిగాడు, మళ్లీ వంగాడు. "నల్... నల్లు..." అని ఆగి, జేబులోంచి కళ్లజోడు తీశాడు. "మా షాపుకొచ్చే వాళ్లలో సగం మంది నా వయసు వాళ్లేనయ్యా. మీరన్నట్టే చెయ్యండి" అని కూలబడ్డాడు.

ఆయన వెళ్లాక చెల్లెలు అన్నను నిలదీసింది. "తప్పు నీదెలా అయింది? ఈమధ్య నువ్వు అక్షరాలు పెంచుతున్నదంతా నా కోసమేనా? నాకు కనిపించట్లేదని నీకెప్పుడు తెలిసింది?"

"నీకు కనిపించకపోవడమేంటే? ఆ అక్షరాలకే సరిగ్గా కనబడడం రాదు" అన్నాడాయన, పక్కనున్న పరదా నలుపుతూ. ఆమెకు అన్నను కొట్టాలనీ, వాటేసుకోవాలనీ ఒకేసారి అనిపించింది.

మర్నాడు తనే కళ్ల డాక్టరు దగ్గరికి బయల్దేరింది. పిలవకుండానే అన్న కూడా వెంట వచ్చాడు. డాక్టరమ్మ ఆమె చేతికి అక్షరాల అట్ట ఇచ్చి చదవమంది. పై వరుసలు గడిచాయి. చిట్టచివరి వరుస దగ్గర చెల్లెలు తడబడింది. ఊపిరన్నయ్యకు ప్రాణం ఒప్పలేదు.

"డాక్టరుగారూ, ఆ వరుస మరీ ఇరుగ్గా ఉందండీ. కాస్త జరిపించి ఇవ్వండి, మా చెల్లి గడగడా చదివేస్తుంది."

"అయ్యా, ఇది కళ్ల పరీక్ష!"

"అయితే ముందు ఆ అట్టను పాస్ అవమనండి."

చెల్లెలికి నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు నిండి, కనిపించిన వరుసలు కూడా కనిపించకుండా పోయాయి.