మెడపట్టీ

కారును వెనక నుంచి ట్రక్కు గుద్దిన నాలుగో రోజు, మెడకు పట్టీతో కూర్చున్న వెర్నాకు ఆ ట్రక్కు ఇన్సూరెన్సు వాళ్ళు ఫోన్ చేశారు.

"ఎలా ఉన్నారమ్మా?"

అమెరికాలోని అయోవాలో ఆ మాటకు అందరూ చెప్పే జవాబే ఆమె నోట్లోంచి ఊడిపడింది. "బాగానే ఉన్నానండీ!"

అది కాస్తా రికార్డయింది. దాన్ని పట్టుకుని, అంబులెన్సు ఖర్చుకైనా చాలని సొమ్ముకు సంతకం పెట్టమన్నారు.

ఇక లాయరే దిక్కు. ఆ ఊళ్ళో ఇలాంటి ప్రమాదానికి లాయరును పెట్టుకున్నది ఒక్క లొరెట్టాయే. "నొప్పులు కూడా అమ్ముకుంటోంది మహాతల్లి!" అని అప్పట్లో ప్రార్థన తర్వాత చర్చి కాఫీబల్ల దగ్గర అందరినీ నవ్వించింది వెర్నాయే.

ఆదివారం అదే బల్ల దగ్గరికి లొరెట్టా వచ్చింది.

"ఎలా ఉన్నావు వెర్నా? మా లాయరు నంబరు ఇవ్వనా?"

సిగ్గుతో తల దించుకోబోతే మెడపట్టీ దించనివ్వలేదు. లొరెట్టా కళ్ళలోకే చూస్తూ చెప్పాల్సి వచ్చింది.

"బాగానే ఉన్నాను."