ఆమెన్ చెప్పకుండా నిద్రపోయిన శుక్రవారం

మా చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఒకరు ప్రార్థిస్తుంటే మిగతా ఆడవాళ్లంతా చాపల మీద మోకరించి ఉంటారు. ప్రార్థించే మనిషి ఆమెన్ అనేదాకా ఎవరూ లేవరు, మోకాళ్లు పీక్కుపోతున్నా సరే.

ఆ ఏడాది నాకు ఊపిరి సలిపేది కాదు. ఇంట్లో కుట్టుమిషను, ఊళ్లో డ్వాక్రా సంఘం, ఆదివారం పిల్లలకు బైబిలు పాఠం, ఎవరికి జబ్బు చేసినా వాళ్లింటికి వెళ్లి ప్రార్థన. పాస్టరమ్మ ఏది అడిగినా సరే అనేదాన్ని. దేవుని పనికి కాదంటే దేవుణ్ణే కాదన్నట్టు భయం. చివరికి బీపీ పెరిగి మిషను దగ్గరే కళ్లు తిరిగి పడ్డాను. ఇలాగే నిద్ర మానుకుంటే పక్షవాతం వస్తుందని అనంతపురంలో డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. తిరుగు బస్సులో మా ఆయన ఆమె రాసిచ్చిన మందుల చీటీనే మళ్లీ మళ్లీ తీసి చూసుకున్నాడు. అయినా ఆ వారమే, వేరుశనగ బుడ్డల పంట ఇంటికొచ్చాక చేసుకునే కోత పండుగకు వంట కూడా నేనే చూస్తానని ఒప్పుకొని వచ్చాను. నా బుద్ధి ఎక్కడ మేస్తోందో!

ఆ శుక్రవారం ప్రార్థన నా వంతు. ఒకరి బోరులో నీళ్లు పడాలి, ఇంకొకరి కోడలికి సుఖంగా కాన్పు కావాలి. అందరి మనవులూ విని, ముసుగు వేసుకొని, నుదురు చాపకు ఆనించాను. బోరు దాకా వచ్చినట్టు గుర్తు.

మౌనంగా ప్రార్థిస్తున్నాననుకొని అందరూ కదలకుండా ఉండిపోయారట. గురక మొదలైతే, ప్రార్థన భారంతో మూలుగుతున్నాననుకున్నారట. చివరికి పక్కనున్న పెద్దామె నా ముసుగు తీసి చూసి, నా బదులు తనే మెల్లగా ఆమెన్ అని, లేపొద్దని అందరికీ సైగ చేసిందట.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పెద్దామె పక్కన కూర్చొని కొంగుతో నాకు విసురుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను. అందరి మనవులూ సగంలో వదిలేశానని ఏడ్చాను.

“అవి యాడికీ పోవులే. నువ్వు చెప్పకుంటే దేవునికి తెలీదా ఏమి? ఇంగ కొంచేపు పండుకో,” అంది.

కోత పండుగ వంట తాము పంచుకుంటామని మిగతావాళ్లు అప్పటికే మాట్లాడుకొని వెళ్లారట. నేను లేకుండా ఎలా చేస్తారని కోపం రావాలి. రాలేదు. దేవుడు నా పనిని చూసి కాక నన్ను నన్నుగా ప్రేమిస్తున్నాడని ఆ చాప మీద మొదటిసారి నమ్మాను. మళ్లీ పడుకున్నాను.

పండుగ నాడు కోడికూరలో ఉప్పు తక్కువైంది. నోరు మూసుకొని ఇంకొంచెం కూర పెట్టించుకున్నాను. మా ఆయన పక్కనే తింటున్నాడు. పెళ్లయ్యాక సంఘంలో మేమిద్దరం కలిసి పంక్తిలో కూర్చోవడం అదే మొదలు.